అనంతపురం నుంచి అంజునా సంతకు

ధనుర్మాసం వచ్చిందంటే మా ఇంట్లో బీరువాల తలుపులు పెద్దగా తెరుచుకోవు. ముహూర్తాలు లేని నెలలో పట్టుచీర అడిగేవాళ్లు ఉండరు. అనంతపురంలో ఇంటి దగ్గరే ధర్మవరం చీరలు అమ్మబట్టి పదహారేళ్లయింది. ఏటా ఈ నెలంతా పాత బాకీలు రాసుకోవడం, మిగిలిపోయిన చీరలు జరీ విరగకుండా మడతలు మార్చి పెట్టుకోవడం, అంతే పని. ఈసారి ఆ పని మా అత్తకు అప్పజెప్పి, సంక్రాంతి ముందు వారం గోవాకు బయలుదేరాం. నేను, మా ఆయన, డిగ్రీ చదివే మా అమ్మాయి, మా వీధిలోనే ఉండే టీచరక్క. అక్క గుత్తి దగ్గర తాండాలో పుట్టి, ముప్పై ఏళ్లకు పైగా సర్కారు బడుల్లో పాఠాలు చెప్పి రిటైరైంది.

గోవాలో నేను చూడాలనుకున్నది ఒక్కటే. అంజునాలో సముద్రం ఒడ్డున బుధవారం బుధవారం జరిగే సంత. 1970లలో హిప్పీలు డబ్బులైపోయినప్పుడు తమ దగ్గరున్న గడియారాలు, బట్టలు, పాటల క్యాసెట్లు అమ్ముకోవడానికి కూర్చున్న చోటు అది. ఇప్పుడు దేశం నలుమూలల నుంచి సరుకు వస్తుంది. చలికాలం మొదలైనప్పటి నుంచి ఎండాకాలం దాకా సాగుతుంది, వానలు పడితే ఆగిపోతుంది. అక్కడ చెప్పిన రేటు ఎవరూ ఇవ్వరనీ, బేరం చేతకానివాళ్లు వెళ్లకూడదనీ చాలామంది చెప్పారు. బేరం నాకు రోజూ ఉండేదే. అయితే నేనెప్పుడూ అమ్మే వైపు కూర్చుంటాను. కొనే వైపు నిలబడి చూడాలని ఎన్నాళ్లనుంచో ఉంది.

కొనే బేరం నాకు నేర్పింది అమ్మ. అనంతపురం పాతూరులో తిలక్ రోడ్డు, గాంధీ బజారు అమ్మకు కొట్టిన పిండి. తనకు కావలసిన వస్తువు ధర ముందు అడిగేది కాదు. అంగట్లో అన్నిటికంటే నాసిరకంగా ఉన్నదేదో చూసి దాని ధర అడిగేది. "చెత్తకు ఎంత చెప్తాడో తెలిస్తే, మంచిదానికి ఎంత కలిపి చెప్తాడో మనకే తెలుస్తుంది" అనేది. బేరం తెగాక మాత్రం ఇంకో మాట మాట్లాడేది కాదు. కొసరు అడిగేది. కరివేపాకు రెబ్బో, రెండు మిరపకాయలో చేతిలో పడితేనే సంచి మూతి బిగించేది.

సోమవారం

గుంతకల్లులో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. హౌరా వైపు నుంచి వచ్చి గోవాలోని వాస్కో దాకా పోయే బండి ఇది. మా జిల్లా వాళ్లకు గోవా దారి ఇంత సులువని మా వీధిలో సగం మందికి తెలియదు. బళ్లారి దాటి హొసపేట వస్తుంటే మా ఆయన కిటికీ దగ్గర లేచి నిలబడ్డాడు. తుంగభద్ర డ్యామ్ అక్కడే. మా వైపు పొలాలకు, తాగడానికి నీళ్లిచ్చే హెచ్చెల్సీ కాలువ మొదలయ్యేది అక్కడే. మా మామకు ఆ కాలువ కింద రెండెకరాలు ఉండేది. నీళ్లు వస్తాయా రావా అని ఏటా ఎదురుచూసిన ఇల్లు మాది.

ఆ ప్రాంతంలోనే సండూరు ఉంది. ఆ పేరు వినగానే టీచరక్క ముఖం వెలిగింది. మన లంబాడీలనే అక్కడ లంబానీలంటారు, బంజారాలన్నా వాళ్లే. సండూరు లంబానీ ఆడవాళ్ల అద్దాల కుట్టుపనికి జీఐ గుర్తింపు (ఫలానా చోటి సరుకని ఇచ్చే గుర్తు) ఉంది, మా ధర్మవరం చీరలకు ఉన్నట్టే. 2023 జులైలో జీ20 సమావేశాలు హంపిలో జరిగినప్పుడు 450 మందికి పైగా లంబానీ ఆడవాళ్లు 1,755 కుట్టుపని వస్తువులు ఒకచోట ప్రదర్శనకు పెట్టి గిన్నిస్ రికార్డు తెచ్చుకున్నారట. "మా అమ్మ పెళ్లి ఫేటియా నా ట్రంకు పెట్టెలో ఇప్పటికీ ఉంది చెల్లీ. ఎత్తాలంటే రెండు చేతులూ కావాల" అంది అక్క. ఫేటియా అంటే వాళ్ల పావడా. అద్దాలు, గవ్వలు, నాణేలు కుట్టి ఉంటాయి. బరువంతా వాటిదే.

గదగ్, హుబ్బళ్లి, ధార్వాడ్ దాటి, లోండా తర్వాత అడవి మొదలైంది. కాసిల్‌రాక్ ఒకప్పుడు మన దేశానికి, పోర్చుగీసు గోవాకు మధ్య సరిహద్దు స్టేషన్. 1961 డిసెంబర్ 19న గోవా విముక్తమైంది. అంతకుముందు రోజుల్లో ఇక్కడ సామాన్లు వెతికేవాళ్లట. అక్కడి నుంచి కులేం వరకు ఘాట్ దిగుతుంటే బండి నడిచినట్టే ఉంటుంది. దూద్‌సాగర్ జలపాతం 310 మీటర్ల ఎత్తు నుంచి పడుతుంది. జనవరిలో ధార సన్నబడింది. అయినా బోగీలో అందరూ ఒక పక్కకే వచ్చారు. మడ్‌గావ్‌లో దిగి, కదంబ బస్సులో పణజీ, అక్కడి నుంచి మాప్సా చేరేసరికి చీకటి పడింది. మ్యాపుల్లో మపుసా అని ఉంటుంది కానీ ఊళ్లో అందరూ మాప్సా అనే అంటారు. గదులు అక్కడే తీసుకున్నాం. బీచ్ దగ్గర అడిగే అద్దెలో సగానికే దొరికాయి.

మంగళవారం

కలంగూట్ బీచ్‌కు పోయాం. అక్కడ నేను మోసపోయాను, అది చెప్పాలి.

బీచ్‌కు దిగే దారికి రెండు పక్కలా అంగళ్లే. మా అమ్మాయి ఒక పూల గౌను దగ్గర ఆగిపోయి, "అమ్మా, ఇది ఎంత బాగుందో!" అని గట్టిగా అంది. ఆ ఒక్క మాటతో బేరం సగం పోయింది. అంగడతను 1,200 చెప్పాడు. నేను 500 అన్నాను. చివరకు 600కు తెగింది. సగానికి సగం తగ్గించానని నాకూ సంతోషంగానే అనిపించింది. నాలుగంగళ్లు దాటాక అదే గౌను, అదే రంగు, కొంకికి వేలాడుతూ ఉంది. ఊరికే అడిగాను. 350 చెప్పాడు. బేరమాడితే 250కి ఇచ్చేవాడు.

రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. పోయింది 350 రూపాయలే, దాని గురించి కాదు. నేను చేసిన తప్పు ఏమిటో తెలిసింది. అతను చెప్పిన ధర పట్టుకుని దాన్నుంచి కిందికి దిగుతూ పోయాను. గౌను చూడలేదు. దాని గుడ్డ ఏమిటి, కుట్టు ఎట్లా ఉంది, దానికి ఎంత ఖర్చయి ఉంటుంది అని ఒక్క క్షణం ఆలోచించలేదు. అదే పని నా దగ్గరికి వచ్చే కస్టమర్లు చేస్తే నాకెంత కష్టంగా ఉంటుంది! చీర విప్పకముందే "ఎంత తగ్గిస్తావు?" అంటారు. ఏమి తగ్గించమంటున్నారో చూడరు. తగ్గించాననే తృప్తి కోసం ధర పెంచి చెప్పే అంగళ్లు ఆ అలవాటు మీదే నడుస్తాయి.

బుధవారం

మాప్సా నుంచి అంజునా ఎనిమిది కిలోమీటర్లు ఉంటుందేమో. పొద్దున్నే పోయాం. నేను తొందరపెట్టాను, బోణీ వేళకు అక్కడ ఉండాలని. బోణీ అనే మాట మనకు ఎంత ముఖ్యమో హిందీలో బోహనీ అంతే, కన్నడలోనూ బోణీయే. మొదటి బేరం తిరిగిపోతే రోజంతా గిరాకీ ఉండదని అమ్మేవాళ్ల నమ్మకం. నేనూ నమ్ముతాను. పొద్దున మొదట వచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపడం నాకు ఇష్టం ఉండదు, అసలు ధరకైనా ఇచ్చేస్తాను.

కొబ్బరి చెట్ల కింద ఎర్రమట్టి నేల. పైన నీలం టార్పాలిన్లు, పాత చీరలు కట్టిన పందిళ్లు. చెట్ల వెనక నల్లరాళ్లు, వాటిని కొట్టుకునే అలల చప్పుడు. మసాలా డబ్బాలు, వెండి గాజులు, తోలు సంచులు, గొంగళ్లు, రాగి గిన్నెలు. కశ్మీరు శాలువాల వాళ్లు, టిబెటన్ పూసల వాళ్లు, తాము అల్లిన బట్టలు పరిచి కూర్చున్న తెల్లవాళ్లు కొందరు. సంతకు పోయే దారిలోనే లంబానీ ఆడవాళ్లు మొలతాళ్లు, కాలిగొలుసులు చేతికి వేలాడేసుకుని "దేఖో దీదీ, దేఖ్‌నే కా పైసా నహీ" అంటూ పక్కనే నడుస్తారు.

మొదట ఒక స్కార్ఫుల అంగట్లో ఆగాను. "ప్యూర్ సిల్క్, 800" అన్నాడు. రంగు బాగుంది, నెమలి మెడ రంగు. చేత్తో పట్టుకోగానే పట్టు కాదని తెలిసిపోయింది. అయినా అమ్మ పద్ధతిలోనే పోయాను. అంచున వేలాడే పోగు ఒకటి తీసి కాల్చి చూపించమని అడిగాను. పట్టు పోగు కాలిస్తే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడి అయిపోతుంది. అతను ఒక క్షణం నా ముఖం చూశాడు. జేబులోంచి లైటర్ తీసి తానే వెలిగించాడు. పోగు చుర్రుమని ముడుచుకుని కొసన నల్లటి పూస కట్టింది. ప్లాస్టిక్ వాసన. "పాలిస్టర్" అన్నాను. "హా, పాలిస్టర్. 150" అన్నాడు. ఇంకేమీ బేరమాడకుండా 150 ఇచ్చి తీసుకున్నాను. పాలిస్టర్‌ను పాలిస్టర్ ధరకు కొంటే మోసం లేదు. ఆ రంగు నాకు నిజంగానే నచ్చింది.

మా ఆయనకు బేరాల దగ్గర నిలబడటం కష్టం. రెండో మాటకే "ఇచ్చేయ్ లే" అంటాడు. అందుకని ఆయనా అమ్మాయీ సముద్రం వైపు పోయారు. నేనూ టీచరక్కా మిగిలాం.

సంత మధ్యలో, ఒక జీడిమామిడి చెట్టు కింద, గోడకు వేలాడదీసే గుడ్డలు కట్టి ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. అరవై దాటి ఉంటాయి. మోచేతుల పైదాకా తెల్ల గాజులు, చెంపల పక్కన జుట్టుకు వేలాడే వెండి బిళ్లలు. నేను పక్కనున్న చిన్న సంచి ధర అడిగాను, 400 చెప్పింది. అప్పుడు అసలైనదాన్ని చూపించాను. నాలుగడుగుల గుడ్డ, ఎరుపు మీద పసుపు, నీలం, ఆకుపచ్చ కుట్లు, నిండా అద్దాలు. 2,500 అంది. నాకు వచ్చిన కన్నడంలో 600 అన్నాను. ఆమె నవ్వి గుడ్డ మడిచేసింది. మళ్లీ విప్పింది. ముప్పావు గంట పట్టింది. 2,000, 700, 1,500, 800. చివరకు 900 దగ్గర ఆమె "తగొళ్రీ" అని విసుగ్గా గుడ్డ నా చేతుల్లో పెట్టింది. తీసుకోమని. బేరం తెగింది. నేను పర్సు తీస్తున్నాను.

అప్పటిదాకా టీచరక్క ఏమీ మాట్లాడలేదు. గుడ్డ నా చేతిలోంచి తీసుకుని తిరగేసింది.

వెనక వైపు చూపిస్తూ నాకు చెప్పింది. మిషన్ కుట్టయితే వెనక అంతా ఒకే గీతలా, ఒకే దారంతో పోతుంది. ఇక్కడ ప్రతి అద్దం వెనకా చిన్న ముడి, ముడి పక్కన దారం ఇంకో రంగుకు మారిన చోటు, ఒక్కో చోట ఒక్కో పొడవు. అద్దానికి రంధ్రం ఉండదు. ముందు దాని మీద అడ్డంగా, నిలువుగా దారాలు వేసి కట్టి, ఆ దారాల చుట్టూ మళ్లీ కుట్టు తిప్పుకుంటూ వస్తారు. అప్పుడే అద్దం గుడ్డను పట్టుకుంటుంది. అక్క నా వేలు పట్టుకుని ఒక అద్దం మీద ఆనించింది. చల్లగా తగిలింది. గాజు. ప్లాస్టిక్ అయితే గోరుతో నొక్కితే లొంగుతుంది, చల్లగా ఉండదు. ఎర్రగుడ్డ అంచున ఒకచోట వేరే గుడ్డ అతికి ఉంది. అది పాత ఫేటియా అంచు. నడుము దగ్గర అరిగిపోయి రంగు వెలిసింది. చీర వెనక వైపు చూడకుండా ఏ మగ్గం ఇంట్లోనూ కొనని మనిషిని నేను. ఇది తిప్పి చూడాలని నాకు తోచలేదు.

తర్వాత అక్క ఆ పెద్దావిడ వైపు వంగి, "రామ్ రామ్, యాడీ" అంది.

యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. ఆవిడ తల ఎత్తి అక్కను పైనుంచి కింది దాకా చూసింది. కాటన్ చీర, కళ్లద్దాలు, చేతికి వాచీ. నమ్మలేనట్టు ఏదో అడిగింది. అక్క జవాబు చెప్పింది. ఆ తర్వాత ఇద్దరూ మాట్లాడుకున్నది నాకు మాటమాటకూ అర్థం కాలేదు. లిపి లేని భాష, అయినా అనంతపురం తాండా నుంచి గదగ్ తాండా దాకా చెక్కుచెదరలేదు. అక్క మాటల్లో అక్కడక్కడా తెలుగు, ఆవిడ మాటల్లో కన్నడం, అంతే తేడా. గుత్తి అనే మాట వినిపించింది. సేవాగడ్ అని వినిపించింది. ఆవిడ లేచి నిలబడి, అక్క రెండు చేతులూ పట్టుకుని కళ్లకు అద్దుకుంది.

బంజారాల గురువు సేవాలాల్ మహరాజ్ 1739 ఫిబ్రవరి 15న పుట్టారని వాళ్ల నమ్మకం. ఆయన పుట్టిన చోటుగా వాళ్లు కొలిచే సేవాగడ్ మా జిల్లాలోనే, గుత్తి దగ్గర ఉంది. ఫిబ్రవరిలో జయంతికి కర్ణాటక, మహారాష్ట్ర, తెలంగాణ నుంచి జనం తరలి వస్తారు. మేం రోజూ బస్సులో దాటిపోయే దారి అది. ఆవిడకు అది జన్మలో ఒకసారైనా చూడాల్సిన చోటు. పక్క అంగళ్ల ఆడవాళ్లు కూడా చుట్టూ చేరారు. ఒకామె అక్కకు ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది. మన రాష్ట్రంలో వీళ్లు ఎస్టీలు, కర్ణాటకలో ఎస్సీలు. ఒకే కులం, ఒకే మాట. సరిహద్దు దాటితే కాగితం మారిపోతుందని అక్క ఎప్పుడూ బాధపడుతుంది. ఆ రోజు మాత్రం ఆ మాట ఎత్తలేదు.

ఆవిడ చెప్పింది అక్క నాకు తెలుగులో చెప్పింది. గదగ్ దగ్గరి తాండా. వానాకాలం ఊళ్లో కూలికి పోతారు, చలికాలం నాలుగు కుటుంబాలు కలిసి మాప్సాలో ఒక గది తీసుకుని ఉంటారు. ఆ గుడ్డకు వాడిన ఫేటియా ఆవిడ అత్తది. అత్త పోయాక కోడళ్లు పంచుకున్నారు. ఇప్పటి పిల్లలు కట్టుకోరు, బరువు అంటారు. పెట్టెలో పురుగు పట్టే కంటే మేలని విప్పి, కొత్త గుడ్డ మీద పరిచి, చుట్టూ కొత్త కుట్టు వేసింది. రాత్రిళ్లు కుట్టింది. రెండు నెలలు పట్టింది. 

రెండు నెలలని వినగానే నాకు ధర్మవరం గుర్తొచ్చింది. గుంత మగ్గంలో కాళ్లు పెట్టి కూర్చునే మనిషి. పెద్ద అంచు చీర అయితే పది పదిహేను రోజులు, పక్కన పోగులు అతికే భార్య. నా దగ్గర కస్టమర్ 1,000 తగ్గించమంటే, ఆ తగ్గేది ఎవరి చేతిలోంచి తగ్గుతుందో నాకు తెలుసు. పట్టు వ్యాపారి తన రేటు తగ్గించడు, జరీ వ్యాపారి తగ్గించడు. మిగిలింది మజూరీ ఒక్కటే. కొన్ని రకాల చీరలు చేతిమగ్గం మీదే నేయాలని 1985లో చట్టం వచ్చింది. అయినా పవర్‌లూమ్ చీర చేనేత పేరుతో పక్కనే అమ్ముడవుతుంది. దాని ధర చూపించి మా ధర తగ్గించమంటారు. అది నాకు రోజూ తగిలే దెబ్బ. ఆ దెబ్బే నేను ఆ చెట్టు కింద కూర్చుని ముప్పావు గంట సేపు కొట్టాను.

పర్సులోంచి 2,000 తీసి ఇచ్చాను. ఆవిడ లెక్కపెట్టి, 600 వెనక్కి ఇచ్చింది. 1,400 చాలంది. 2,500 అని చెప్పేది తగ్గించి అడుగుతారని తెలిసి చెప్పేదేనట, 1,400 వస్తే పని గిట్టినట్టేనట. "నువ్వు 900 అన్నప్పుడు కూడా ఇచ్చేదాన్నే. పొద్దుటినుంచి బోణీ కాలేదు" అంది. ఆ మాట వినడం కష్టమైంది. బోణీ వేళకు పోవాలని తొందరపెట్టిందే నేను.

నేను సంచి సర్దుకుంటుంటే ఆవిడ ఒక చిన్న అద్దాల పర్సు తీసి, అడగకుండానే, నా గుడ్డ మీద పెట్టింది. కొసరు.

సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాం. చీకటి పడే వేళకు అంగళ్లు సర్దుకుంటూ అందరూ ధరలు పడేస్తారు. మోసుకుపోవడం కంటే మేలని పొద్దున 800 అన్నది 300కు ఇచ్చేస్తారు. మిషన్ సరుకు కావాలంటే ఆ వేళే మంచిది. చేతిపని మాత్రం ఆ వేళకు కొనకూడదని నాకనిపించింది.

గురువారం

పాత గోవా చర్చిలు చూశాం. బాం జీసస్ బసిలికా చల్లగా ఉంది, అక్కడే గంటసేపు కూర్చున్నాం. ఏమీ కొనలేదు.

శుక్రవారం

మాప్సా శుక్రవారం సంత. మాప్ అంటే కొలత, ఆ మాట మీదే ఊరికి పేరొచ్చిందని అక్కడివాళ్లు చెప్తారు. ఇది ఊళ్ల వాళ్లు కొనుక్కునే సంత, అంజునా లాగా చూడటానికి వచ్చే వాళ్లది కాదు. మొయిరా అరటిపళ్లు మన అరటిపళ్ల కంటే బాగా పొడవు ఉన్నాయి. హర్మల్ మిరపకాయలు, ఎండు చేపలు, దండలుగా గుచ్చిన గోవా సాసేజీలు, ఎండిన కోకం తొక్కలు, మట్టి కుండలు. పాతూరులో కూరగాయల అంగళ్ల మధ్య తిరిగినట్టే ఉంది నాకు, చేపల వాసన ఒక్కటి తప్ప.

ఎండు మిరపకాయల దగ్గర అంజునా పెద్దావిడ కనిపించింది. మమ్మల్ని చూడలేదు. చూసే స్థితిలో లేదు, బేరంలో ఉంది. కుప్పలోంచి ఒక మిరపకాయ తీసి తొడిమ విరిచింది, విత్తనాలు అరచేతిలో పోసుకుంది, వాసన చూసింది. అమ్మే ఆవిడ కొంకణిలో ఏదో గట్టిగా అంది. ఈవిడ వెనక్కి తగ్గలేదు. పది రూపాయల దగ్గర చాలాసేపు నిలబడింది. చివరకు ఇద్దరూ నవ్వుకున్నారు. త్రాసులో తూకం పడ్డాక ఈవిడే ఇంకో గుప్పెడు తీసి పళ్లెంలో వేసింది. నాకు మా అమ్మ కనిపించింది. పోయి తొమ్మిదేళ్లయింది అమ్మ. ఆ గుప్పెడు చూస్తుంటే కళ్లు తడి అయ్యాయి.

టీచరక్క పిలిచాక మా దగ్గరికి వచ్చింది. జీడిపప్పు కొనాలంటే తానే వెంట వచ్చింది. బీచ్ దగ్గర రంగు డబ్బాల్లో అమ్మేది కొనవద్దంది, గింజ సైజు అడిగి కొనమంది. నంబర్ల లెక్క అంగడతను చెప్పాడు. 240 అంటే పౌండుకు (అరకిలోకు కాస్త తక్కువ) దాదాపు అన్ని గింజలు, 320 అంటే ఇంకా చిన్నవి. నంబరు తగ్గేకొద్దీ గింజ పెద్దది, ధర ఎక్కువ. వంటకు 320 చాలు. ఆవిడ ఒక గింజ కొరికి చూసి తల ఊపింది. కిలోకు 80 తగ్గింది. మా ఆయన మొదటిసారి ఒక బేరం మొదటినుంచి చివరిదాకా నిలబడి చూశాడు.

ఆవిడను ఫిబ్రవరిలో సేవాగడ్‌కు రమ్మని అక్క పిలిచింది. గుంతకల్లుకు నేరుగా బండి ఉందనీ, స్టేషన్‌కు తానే వస్తాననీ చెప్పింది. ఆవిడ అక్క ఫోన్ నంబరు మనవడి చేత ఎక్కించుకుంది.

శనివారం

అమ్మాయికి జ్వరం తగిలింది. గదిలోనే ఉన్నాం. గంజి కాచి ఇవ్వమంటే లాడ్జి వాళ్లు ఇచ్చారు, డబ్బులు తీసుకోలేదు.

ఆదివారం

వచ్చిన దారినే తిరుగు ప్రయాణం. గదగ్ స్టేషన్‌లో బండి ఆగినప్పుడు టీచరక్క దిగి ప్లాట్‌ఫామ్ మీద నిలబడింది. ఎటు వైపు తాండాలు ఉంటాయో అడుగుదామనుకుందట, అడిగేలోపే బండి కూత వేసింది. 

అనంతపురం, మాఘమాసం

ముహూర్తాలు మొదలయ్యాయి. అద్దాల గుడ్డను చీరలు చూపించే చాప ఎదురుగా గోడకు కట్టాను. మొన్న కళ్యాణదుర్గం నుంచి ఒక తల్లీకూతుళ్లు పెళ్లి చీరకు వచ్చారు. మామిడిపిందెల అంచు, ముదురు వంకాయ రంగు చీర తీశాను. విప్పకముందే తల్లి అడిగింది, "ఎంత తగ్గిస్తావమ్మా?"

"ముందు తిప్పి చూడక్కా" అని చీర తిరగేసి ఆమె ఒళ్లో పెట్టాను. పట్టుకుని చూడమన్నాను. అంచు కలిసిన చోట మగ్గం మీద చేత్తో అతికిన పోగులు, బుటాల వెనక కత్తిరించిన దారాలు. నేసిన మనిషి ఎవరో, ఎన్ని రోజులు పట్టిందో చెప్పాను. నేను కొన్న ధర ఎంతో, దాని మీద నాకు మిగిలేది ఎంతో కూడా చెప్పాను. పదహారేళ్లలో ఎవరికీ ఆ లెక్క చెప్పలేదు. తల్లి చాలాసేపు చీరను వేళ్లతో తడుముతూ కూర్చుంది. కూతురు గోడ మీది అద్దాల దగ్గరికి పోయి నిలబడింది.

"ఒక 500 తగ్గించుకో తల్లీ, మా తృప్తికి" అంది తల్లి చివరకు.

300 తగ్గించాను, నా దాంట్లోంచి. "ఫాల్ కుట్టించి, పీకో చేయించి ఇస్తాను, దానికేం ఇవ్వద్దు" అన్నాను.

"అది కొసరా?" అంది ఆమె నవ్వుతూ, కొంగు చివర ముడి విప్పి డబ్బులు లెక్కపెడుతూ.